చుట్టుబాట పులి

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టి పావుగంట దాటింది. ఆరో తరగతి పిల్లలందరూ కోడిగుడ్లు తినేసి చేతులు కడుక్కుంటున్నారు. వినీల మాత్రం తన గుడ్డును ఇంకా అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంది.

“ఏందమ్మే, లోపల కోడిపిల్ల ఉందేమోనని చూస్తా ఉండావా?” అంది వంట చేసే పెంచలమ్మ ఆయమ్మ.

“లేదు ఆయమ్మా. హెబ్రోనుగాడి గుడ్డు కన్నా నా గుడ్డు చిన్నది. ఎందుకు చిన్నదా అని చూస్తా ఉండా.”

“నన్నడిగితే ఏం తెలస్తాది? పోయి కోడినడుగు!”

వినీలకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందని వాళ్ళ తాత హజరత్తయ్య చెబుతాడు. పుట్టగానే పిల్లలందరూ కేరుమంటారు కదా, వినీల కేరుమనలేదట. నర్సమ్మ మొహం చూసి, తలుపు వైపు చూసి, మళ్ళీ నర్సమ్మ మొహం చూసిందట. ‘నన్ను సరైన ఇంటికే తెచ్చారా?’ అని! హజరత్తయ్య చెప్పేవాటిలో సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్ళీ సగం నమ్మాలి. కానీ వినీల అనుమానం సంగతి మాత్రం పూర్తిగా నమ్మొచ్చు.

భోజనాలయ్యాక నరేంద్రబాబు సార్ క్లాసులోకి వచ్చాడు. వస్తూనే బోర్డు మీద పెద్ద కోడిగుడ్డు లాంటి గీత గీశాడు.

“ఇదే మన చుట్టుబాట. వచ్చే శనివారం మనం నడిచేది దీని మీదే. వెలిగొండల అడవిలో ఆరు కిలోమీటర్లు. ఇక్కడ బస్సు దిగతాం. ఇక్కడ వాగు. ఇక్కడ పెద్ద బండ, దాని మీద కూర్చుని భోజనం. ఇట్లా తిరుక్కుని మళ్ళీ బస్సు కాడికే వస్తాం.”

క్లాసంతా ‘హో’ అంది. ముత్తుకూరు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు అది. ఎటు చూసినా చదునే. ఎత్తుగా ఉండేవి కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు మాత్రమే. సముద్రం చూసీ చూసీ విసుగెత్తిన పిల్లలే అందరూ. కొండ చూసినవాళ్ళు మాత్రం నలుగురైదుగురే.

వినీల పక్కన కూర్చునే కౌసర్ అసలు చూడలేదు. టైలర్ అల్లావుద్దీన్ కూతురు కౌసర్. మబ్బు పట్టని రోజుల్లో మేడెక్కి, పడమటి దిక్కున కొండ కనిపిస్తుందేమోనని కళ్ళు చిట్లించి చూస్తుంది. ఎప్పుడూ పొగగొట్టమే కనిపిస్తుంది. నడక సంగతి తెలిసినప్పటి నుంచి వాళ్ళ నాన్న షాపులో మిగిలిన ఎర్ర ముక్కలు ఏరి, నలభై చేతిపట్టీలు కుట్టింది. చెట్ల మధ్య ఎవరున్నా ఎర్రగా కనిపించాలని.

వినీల చెయ్యెత్తింది.

“సార్, బయలుదేరిన కాడికే వచ్చేదానికి అంత దూరం నడవడం దేనికి? అక్కడే కూర్చుంటే పోలా?”

“నువ్వు పొద్దున ఇంటికాడ బయలుదేరి సాయంత్రం ఇంటికే పోతావు గదా. మరి బడికెందుకొస్తా ఉండావు?”

“మా అమ్మ పంపిస్తా ఉంది సార్.”

అందరూ గొల్లుమన్నారు. సార్ కూడా నవ్వాడు. నవ్వి, పనులు పంచాడు. నీళ్ళ సీసాలు ఒకరికి, మందుల పెట్టె హెబ్రోనుకు.

“వినీలా, నీకు లెక్క. ప్రతి మలుపులో అందర్నీ లెక్కపెట్టాల. ఎవురో తప్పిపోయినారని అనుమానపడతానే ఉండాల. ఆ పనికి నీ అంత గట్టి మనిషి ఈ జిల్లాలో దొరకదు.”

వినీల పొంగిపోయింది. వెంటనే, ఇది మెప్పా, ఎగతాళా అని అనుమానం వచ్చింది.

“ఇంకొక మాట,” అన్నాడు సార్. “అడవిలో ఒంటిగా పోకూడదు. అనుమానం వస్తే అరవకూడదు, పరిగెత్తకూడదు. ఆగాల. తెలిసినోళ్ళని అడగాల. అంతే.”

ఆ మాట అందరూ నోట్సులో రాసుకున్నారు. వినీల రాసుకుని కింద గీత కూడా గీసింది.

సాయంత్రం సుద్దముక్కల డబ్బా పెట్టడానికి వినీల స్టాఫ్ రూముకు వెళ్ళింది. లోపల ఎవరూ లేరు. నరేంద్రబాబు సార్ బల్ల మీద ఒక కాగితం ఉంది. ఎగిరిపోకుండా దాని మీద టీ తాగిన స్టీలు గ్లాసు పెట్టి ఉంది. ఊరికే ఒక చూపు చూసింది వినీల. చూస్తే ఇలా ఉంది.

*పులి*, దాని పక్కన గ్లాసు, గ్లాసుకు అవతల *120.*

*కారం: రెండు డబ్బాలు. మరిచిపోవద్దు.*

*పెంచలమ్మ తెల్లవారి మూడుకే లేవాలి.*

*పిల్లలకు ముందే తెలియకూడదు!!*

వినీల మళ్ళీ చదివింది. పులి! నూట ఇరవై అంటే? కిలోలే అయి ఉండాలి. మరి కారం? పులి మీదికి దూకితే కళ్ళల్లో కొట్టడానికి! కిందేమో పిల్లలకు తెలియకూడదట. దాని పక్కన ఒకటి కాదు, రెండు ఆశ్చర్యార్థకాలు.

అంతలో సార్ వచ్చాడు. వినీలను చూసి గబగబా గ్లాసు ఎత్తి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఏమన్నా చదివినావా?”

“లేదు సార్.”

“చదవలా గదా?”

“లేదు సార్!”

దాచేది ఏమీ లేకపోతే రెండుసార్లు ఎందుకు అడుగుతాడు?

ఆ అనుమానంతోనే వంటగది వెనక నుంచి వస్తుంటే పెంచలమ్మ గొంతు వినిపించింది. “మీరేం దిగులుపడబాకండి సార్. నలభై మంది పిల్లకాయలు గదా? ఒక్కటి కూడా మిగలదు చూడండి!”

వినీల ఇంటి వైపు పరిగెత్తింది. సగం దారిలో కౌసర్ కలిస్తే, చెయ్యి పట్టి గోడ పక్కకు లాగింది.

“కౌసర్, ఆ అడవిలో పులుండాది. సార్‌కి తెలుసు. ఆయమ్మకీ తెలుసు. నూట ఇరవై కిలోలంట. కారం కూడా సిద్ధం చేసుకున్నారు.”

కౌసర్ చెయ్యి విడిపించుకుంది. “రేపు సార్‌నే అడిగితే పోలా?”

“దొంగని పట్టుకుని నువ్వు దొంగవా అంటే అవునంటాడా?”

“సార్ దొంగ కాదు గదే.”

“నేనట్లా అన్లా. ఎవురికీ చెప్పొద్దు. ఒట్టు!”

కౌసర్ ఒట్టు వేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

నడకకు ఇంకా వారం ఉందనగా, శనివారం సాయంత్రం చేపలమ్మే మగ్దలీనమ్మ వినీల వాళ్ళ ఇంటికి వచ్చింది. నెత్తళ్ళ బుట్ట దించకముందే అరుగు మీద కూలబడింది.

“విన్నావా తల్లీ? పిల్లకాయల్ని తీసుకుపోయే అడవిలో రెండు పులులుండాయంట!”

“రెండా!” అంది వినీల వాళ్ళ అమ్మ.

“రెండు. ఒకటేమో నూట ఇరవై కిలోలు. రెండోది కుంటిదంట. కుంటిది జింకల వెనక ఉరకలేదు గదా, అందుకని మనుషుల్నే పట్టుకుంటాదంట. సార్ ఒక బస్తా కారం కొన్నాడంట!”

అరుగు చివర బీడీ కాల్చుకుంటున్న హజరత్తయ్యకు అప్పుడే దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గి, లేచి పెరట్లోకి పోయాడు.

“ఎవురు చెప్పినారు అవ్వా?” అడిగింది వినీల.

“ఎవురేంది! టైలర్ షాపులో అందరూ అదే మాట.”

అంటే తాను చూసింది నిజమే! వేరేవాళ్ళకూ తెలిసిపోయింది. పైగా తనకు తెలియని రెండో పులి కూడా ఉంది.

“నేనాపొద్దే అనుకున్నా,” అంది గంభీరంగా.

ఆ రాత్రే వినీల వాళ్ళ అమ్మ హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోన్ చేసి, బిడ్డను నడకకు పంపుతానని సంతకం చేసిచ్చిన అనుమతి చీటీ వెనక్కి ఇచ్చేయమంది.

సోమవారం బడికి వెళ్తే హెడ్‌మిస్ట్రెస్ గది ముందు తల్లిదండ్రులు వరస కట్టారు. అందరిదీ ఒకటే మాట. “మా చీటీ మాకియ్యండమ్మా.” మధ్యాహ్నానికి ముప్ఫై ఎనిమిది చీటీల్లో పదకొండు మిగిలాయి.

హెడ్‌మిస్ట్రెస్ క్లాసుకు వచ్చి చెప్పింది. “బుధవారం సాయంత్రానికి ముప్ఫై చీటీలన్నా లేకపోతే నడక రద్దు.”

నరేంద్రబాబు సార్ బోర్డు మీద ఎవరూ తుడవకుండా ఉంచిన కోడిగుడ్డు గీతను చూస్తూ నిలబడ్డాడు.

కౌసర్ బ్యాగులో నుంచి ఎర్ర చేతిపట్టీలు తీసింది. ఒకదాని మీద ఒకటి పేర్చి, దారంతో కట్టి, మళ్ళీ బ్యాగులో పెట్టింది.

“ఏందే?” అంది వినీల.

“మా అబ్బా కూడా చీటీ తెచ్చేసుకున్నాడు. దేనికైనా పనికొస్తాయిలే. మసిగుడ్డలకి.”

“పోనీలేవే. పులి నోట్లో పడడం కన్నా ఇదే మేలు. నేనొక్కదాన్నే అంటే పోనీ, మీ షాపులో అందరికీ తెలుసంట గదా!”

కౌసర్ తల వంచుకుంది. “షాపులో చెప్పింది మా అక్రమన్న.”

“అక్రమన్నకు ఎవురు చెప్పినారు?”

“నేనే. అన్నకు చెప్తే ఒట్టు పోదనుకున్నా.”

“నీకెవురు…” అని వినీల సగంలో ఆగిపోయింది.

కౌసర్ కళ్ళెత్తి చూసింది.

వినీల నోటి నుంచి కౌసర్‌కు. కౌసర్ నుంచి అక్రమ్‌కు. అక్రమ్ నుంచి షాపుకు. షాపు నుంచి మగ్దలీనమ్మ బుట్టకెక్కి, ఊరంతా తిరిగి, వినీల ఇంటి అరుగు మీదికే వచ్చింది పులి. బయలుదేరిన చోటికే! వచ్చేటప్పుడు తోడుగా ఇంకో పులిని కూడా తెచ్చుకుంది. దాన్ని చూసి, తన పులికి సాక్ష్యం దొరికిందనుకుంది వినీల!

నోట్సు తెరిస్తే సార్ మాట కనిపించింది. ‘ఆగాల. అడగాల.’ తాను అరిచింది, పరిగెత్తింది. అది కూడా అడవికి పోకముందే.

గంట కొట్టగానే స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది.

“సార్, ఆ పొద్దు నేను కాగితం చదివినాను. చదవలేదని అబద్ధం చెప్పినాను.” గుమ్మం దాటి లోపలికి వచ్చింది. “ఆ అడవిలో పులుండాదా సార్?”

సార్ ఆమెను తేరిపార చూశాడు. జేబులో నుంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఈసారి దాని మీద గ్లాసు లేదు.

*పులిబొంగరాలు – 120.*

“ఒక్కొక్కరికి మూడు,” అన్నాడు సార్. “పొద్దున్నే బస్సు దిగంగానే, వేడి వేడిగా మీ ముందు మూత తీద్దామనుకున్నా. పులవబెట్టిన పిండి, గుంటల పెనం, పెంచలమ్మ చెయ్యి. పిల్లకాయలు ఒక్కటి కూడా మిగల్చరంట. కారమేమో నంజుకునేదానికి. ఆ బాటలో పులుల్లేవని అడవి శాఖ వాళ్ళని అడిగినాకే నడక పెట్టుకున్నాం.”

వినీలకు పులిబొంగరాలంటే ప్రాణం. ఇప్పుడు మాత్రం ఏడుపు వచ్చింది. సార్ తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టకుండా కాగితం మడుస్తూ, “నేనూ ఆ గ్లాసు ఇంకో పక్కన పెట్టుండాల్సింది,” అన్నాడు.

సాయంత్రం బడి వదిలాక వినీల కౌసర్ దగ్గరికి వచ్చింది. నోట్సు చివరి పేజీలో ఒక గీత గీసి ఉంది. కోడిగుడ్డు ఆకారం. టైలర్ షాపు ఒక చోట, చేపల సందు ఒక చోట, మిగతా పిల్లల ఇళ్ళు వరసగా.

“పులి పోయిన దారిలో నేనూ పోతా. నువ్వు జతగా వస్తావా? ఒంటిగా పోకూడదని సార్ చెప్పినాడు గదా.”

కౌసర్ నీళ్ళ సీసా తీసుకుని బయలుదేరింది.

ముందుగా టైలర్ షాపు. అల్లావుద్దీన్ మెడలో టేపు వేసుకుని మిషన్ తొక్కుతున్నాడు.

“మామా, అడవిలో పులి లేదు. అవి పులిబొంగరాలు. కాగితం చదివింది నేనే. తప్పుగా చదివింది కూడా నేనే.”

మిషన్ ఆగింది. అల్లావుద్దీన్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు.

“ఇట్లా చెప్పమని మీ సార్ పంపించినాడా?”

“లేదు మామా.”

“మొన్న ఉందంటివి. ఇప్పుడు లేదంటివి. దేన్ని నమ్మాల బేటీ?”

ఇన్నాళ్ళూ అందరినీ వినీల చూసిన చూపే ఇప్పుడు తన మీద పడింది. చర్మం కింద చీమలు పాకినట్టుంది.

“నన్ను నమ్మొద్దు మామా. సార్‌కి ఫోన్ చేసి మీరే అడగండి.”

అల్లావుద్దీన్ ఫోన్ తీశాడు. “ఆ… సార్… ఆ… నూట ఇరవైయా? మూడేసా?” అంటూ అంటూ, ఫోన్ పెట్టేసరికి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. “యా అల్లా! బొంగరాలకు భయపడి బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టినానా నేను? అక్రమ్! ఆ చీటీ ఇటు తేరా!”

కౌసర్ అప్పటికప్పుడే దాన్ని బ్యాగులో పెట్టి జిప్పు వేసింది.

మగ్దలీనమ్మను ఒప్పించడం అంత తేలిక కాలేదు. “పులి లేదా? రెండూ లేవా? కుంటిది కూడా లేదా?” అంది దిగులుగా. “ఐదూళ్ళల్లో చెప్పినానే తల్లీ! దాని కాలు ఎట్లా పోయిందో కూడా చెప్పినా.”

“ఆ ఐదూళ్ళల్లోనే లేదని చెప్పు అవ్వా.”

“చెప్తా. కానీ ఎవురూ నమ్మరు. లేని పులిని ఎవురు నమ్ముతారు?”

అలా సోమ, మంగళ, బుధవారాల్లో ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి గుమ్మంలో అదే మాట. చదివింది నేనే, తప్పుగా చదివింది నేనే, సార్‌ని అడగండి. కొందరు నవ్వారు. కొందరు మందలించారు. హెబ్రోను వాళ్ళ నాన్న చీటీ ఇవ్వకముందే ‘బొంగరాలకు తోడు కారం ఒకటేనా, చట్నీ కూడానా?’ అని అడిగాడు.

బుధవారం నాలుగు గంటలకు హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద చీటీలు లెక్కపెట్టింది వినీల. ఇరవై తొమ్మిది. అనుమానం వచ్చి మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ ఇరవై తొమ్మిదే.

“ఒక ఇల్లు మరిచిపోయినాం,” అంది నీరసంగా.

కౌసర్ చీటీలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. “వినీలా, నీదేదే?”

ఊరందరి గుమ్మాలూ తొక్కిన మనిషి సొంత గుమ్మం మరిచిపోయింది! వినీల ఒక్క పరుగున ఇంటికి పోయింది. అమ్మ ఇంకా చేను నుంచి రాలేదు. అరుగు మీద తాత ఒక్కడే ఉన్నాడు. జరిగిందంతా చెప్పింది. హజరత్తయ్య అమ్మకు ఫోన్ కలిపించి సరే అనిపించాడు. చీటీ మీద వంకర టింకరగా సంతకం పెట్టాడు. కానీ చీటీ చేతికివ్వలేదు.

“అమ్మే… ఆ కుంటిది ఉండాది చూడు…”

“ఏ కుంటిది?”

“కుంటి పులి. అది నాదే.”

వినీల చాచిన చెయ్యి దించింది.

“అల్లావుద్దీన్ షాపులో బొత్తాం కుట్టించుకుంటా ఉంటే అక్రమ్ వచ్చి పులి అన్నాడు. ఉత్త పులి అయితే ఏం బాగుంటాదని, ఒక కుంటి పులిని జత చేసినా. కథకని పెట్టినా గానీ, ఊళ్ళోకి పోతాదనుకోలా.”

“తాతా!”

“ఆ షాపుకు పోయి నేనే చెప్పుకుంటాలే. నువ్వు పో, టైమవతా ఉంది!”

వినీల చీటీతో ముప్ఫై నిండాయి, మర్నాటికి ఇంకో నాలుగు వచ్చాయి. శనివారం బస్సులో ముప్ఫై నలుగురు ఎక్కారు. చేతులకు ముప్ఫై నాలుగు ఎర్ర పట్టీలు. చాలా దూరం పోయాక పడమట నీలంగా ఏదో కనిపించింది.

“మబ్బా?” అంది కౌసర్.

“మబ్బయితే కదలాల గదా. కదలడం లేదు చూడు.”

కౌసర్ కిటికీ ఊచలు పట్టుకుంది. దిగేదాకా అట్లాగే చూసింది.

చుట్టుబాట మొదట్లో పెంచలమ్మ గిన్నె మూత తీసింది. హెబ్రోను ఆరు తిన్నాడు. తర్వాత అడవి శాఖ అన్న ముందు, సార్ వెనక, మధ్యలో పిల్లలు. ప్రతి మలుపులో వినీల లెక్క.

మూడో మలుపులో పొద లోపల బరబరమని చప్పుడైంది. ఆకుల సందున పసుపుపచ్చగా ఏదో కదిలింది. హెబ్రోను మొహం తెల్లబోయింది. “పు… పు…”

వినీల చెయ్యి పైకెత్తింది. అందరూ ఆగారు. వేళ్ళతో చూపిస్తూ ముప్ఫై నాలుగు వరకూ లెక్కపెట్టింది. సరిపోయింది. అప్పుడు చిన్నగా పిలిచింది.

“అన్నా, ఆ పొదలో ఉండేది ఏంది?”

అతను వంగి చూసి నవ్వాడు. “ఉడుము పాపా. మీ అందర్నీ చూసి, పాపం అది వణికిపోతా ఉంది.”

పొద్దుగూకే వేళకు వినీల ఇంటికి చేరింది. హజరత్తయ్య అరుగు మీద కాళ్ళు చాపుకుని ఎదురు చూస్తున్నాడు.

“ఏమ్మే, పులి కనబడిందా?”

“కనబడినాయి తాతా. మూడు.”

“మూడే! ఏం చేసినావు?”

“రెండింటిని తినేసినా.”

హజరత్తయ్య పగలబడి నవ్వాడు. వినీల బ్యాగులో నుంచి ఒక ఆకు పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది. లోపల పులిబొంగరం ఒకటి, సీసా కింద పడి ఒక పక్క అణిగిపోయి ఉంది.

“ఇదిగో, నీ కుంటిది.”